వేళ్ళకు జారే సబ్బు

జూన్ 11

ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చిన డైరీ ఆరు నెలలుగా ఖాళీగా పడి ఉంది. ఇవాళ్టి నుంచి సబ్బుల సంగతి ఇందులో రాస్తాను. బుర్రలో పెట్టుకుంటే ఏది ఏ గోడ మీద ఎలా పనిచేసిందో వారం తిరిగేసరికి మరిచిపోతున్నాను. ఇంకెవరూ చదవరు కాబట్టి అక్షరాలు వంకరగా ఉన్నా అడిగేవాడు లేడు.

కంపెనీ లిక్విడ్ డబ్బా నిన్నటితో దాదాపు ఖాళీ. విశాఖలో కాంట్రాక్టరు దగ్గర ట్యాంకులూ గోడలూ కడిగిన పన్నెండేళ్ళూ అదే వాడాను. అప్పుడు డబ్బా కాంట్రాక్టరుది, నురగ నాది. ఆ పని పోయి చోడవరం వచ్చాక ప్రెషర్ మిషనూ నాదే, డబ్బా కొనాల్సిందీ నేనే. ధర వినగానే జేబులోకి పోయిన చెయ్యి అక్కడే ఆగిపోతోంది. ఇక్కడి జనం ఇంటి గోడల పాచి కడిగించడానికి ఇష్టమే కానీ, రంగు వేయించే ఖర్చులో పావు వంతు దాటితే మొహం తిప్పుకుంటారు.

మా ఇంటి వెనక గోడ మీద సుద్దముక్కతో నాలుగు గళ్ళు గీశాను. ఒక్కో గడికి ఒక్కో సబ్బు. నా భార్య నాగవేణి చూసి, ఈ వయసులో గోడ మీద తొక్కుడుబిళ్ళ ఏమిటని నవ్వింది.

జూన్ 13

బట్టల పౌడరు: నురగ బోలెడు, పని సున్న. కరగని పలుకులు వెళ్ళి నాజిల్‌కి అడ్డం పడ్డాయి. ఆరాక గోడ నిండా తెల్లటి చారలు.

కారు షాంపూ: వాసన బాగుంది. పాచికి కూడా బాగున్నట్టుంది, కదల్లేదు.

బ్లీచింగ్ పౌడరు: పాచి చచ్చింది. గోడ కింద నాగవేణి పెంచుకుంటున్న మల్లె మొక్కా చచ్చింది. పొద్దుటి నుంచి ఆమె నాతో ముభావంగా ఉంది.

డబ్బా అడుగున మిగిలిన కంపెనీ లిక్విడ్: గడి తెల్లగా మెరిసిపోతోంది. ఏది పనిచేస్తుందో తెలిసింది, అది నేను కొనలేనని కూడా తెలిసింది.

జూన్ 17

సొంతంగా చేశాను. అనకాపల్లిలో యాసిడ్ స్లర్రీ, కాస్టిక్ సోడా కొన్నాను. స్లర్రీ బెల్లం పాకంలా చిక్కగా, నల్లగా ఉంటుంది. నురగ దాని వల్ల వస్తుంది. కాస్టిక్ తెల్లటి బిళ్ళలు, మురికిని కోసేది అదే. రెండూ నీళ్ళలో కలిపితే సబ్బు. ఎంత కలపాలన్నదే చిక్కు. తక్కువైతే పాచి గోడని వదలదు, ఎక్కువైతే రంగు కూడా ఊడి వస్తుంది.

ఆ చిక్కు నాగవేణి విప్పింది. పెళ్ళికి ముందు మాడుగులలో వాళ్ళ మేనత్త అచ్చియ్యమ్మ హల్వా బట్టీలో పెరిగిన మనిషి. గోధుమలు నానబెట్టి, పిండి తీసిన పాలు దిగాయో లేదో, అంటే పులిసి పదునుకి వచ్చాయో లేదో, అక్కడ చూసేది కంటితో కాదు, వేళ్ళతో. రెండు వేళ్ళ మధ్య రాసి, ఇంకా పచ్చిగా ఉందనో, ఇక పొయ్యెక్కించమనో చెప్తారు. ఆ బట్టీలో అత్త తరవాత అంత కచ్చితంగా చెప్పగలిగింది ఈవిడే. మా అమ్మాయి దేవిశ్రీకి ఒళ్ళు వెచ్చబడినా నుదుటి మీద చెయ్యి వేసి నూట ఒకటి, నూట రెండు అని చెప్పేస్తుంది. డాక్టరు థర్మామీటరు పెట్టి చూస్తే సరిగ్గా అంతే ఉంటుంది.

డ్రమ్ములో వేళ్ళు ముంచి, రాసి చూసి, ఇంకొన్ని బిళ్ళలు వెయ్యమంది. మళ్ళీ చూసింది. మూడోసారికి "జారతంది, సాలు" అంది. ఆ సబ్బుతో గడి కడిగితే కంపెనీ గడికి ఏమాత్రం తీసిపోలేదు. ఖర్చు మూడో వంతు. నా అంత తెలివైనవాడు ఈ చుట్టుపక్కల లేడనిపించింది.

జూన్ 18

వేళ్ళకు జారితే సబ్బు కుదిరినట్టు. ఇదే కొలత.

జూన్ 26

బుచ్చయ్యపేట రోడ్డులో వరసగా నాలుగు ఇళ్ళు. వానకు నల్లబడిన పిట్టగోడలు కొత్తవాటిలా అయ్యాయి. ఎదురింటివాళ్ళు కూడా ఫోన్ నంబరు రాసుకున్నారు.

నాగవేణి వేళ్ళ కొనలు నున్నగా అయ్యాయి. పెళ్ళైన ఎనిమిదేళ్ళకి హీరోయిన్ చేతులొచ్చాయని నాకు చూపించి నవ్వింది. ఫోను మాత్రం ఆమె వేలు పెడితే తెరుచుకోవడం మానేసింది. చేతులు తడిగా ఉన్నాయేమో, తుడుచుకుని పెట్టమన్నాను. తుడుచుకుని పెట్టినా తెరుచుకోలేదు. నీళ్ళలో నానితే ఎవరి వేళ్ళైనా అంతే.

జూలై 2

అచ్చియ్యమ్మ అత్త బస్సు దిగి నేరుగా ఇంటికే వచ్చింది. మోకాళ్ళు పనిచెయ్యడం లేదట, పొయ్యి ముందు కూర్చోలేకపోతోందట. పిల్లలు లేరు. వినాయక చవితి వెళ్ళగానే నాగవేణి వచ్చి బట్టీ చేతిలోకి తీసుకోవాలని, దసరా పని చూసుకుని ఇక అక్కడే తన పేరు మీద నడుపుకోవాలని చెప్పింది. రోజూ ఇక్కడి నుంచి బస్సులో వెళ్ళి రావచ్చు.

"పాకం ఎవులైనా తిప్పుతారు. పాలు సూసే ఏలు నీకే ఉన్నాదే గుంటా," అంది.

అత్త వెళ్ళాక నాగవేణి ఇల్లంతా రెండుసార్లు ఊడ్చింది. సంతోషం వస్తే ఆమె చేసే పని అదే. ఇన్నేళ్ళూ నా పని వెంట తిరిగిన మనిషికి మొదటిసారి తనదంటూ ఒకటి వస్తోంది. నాకూ నిజంగానే సంతోషమేసింది. చవితి దాకా సబ్బు చూడటానికి ఆమె ఉంటుంది, తరవాత ఏం చెయ్యాలో అప్పుడు ఆలోచిద్దాం అనుకున్నాను. ఆ రెండో మాట మొదట వచ్చిందో, సంతోషం మొదట వచ్చిందో ఇప్పుడు గుర్తులేదు.

జూలై 6

షర్మిల గారి ఇల్లు కడిగాను. కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్తారు. నీళ్ళు పారిన చోట గడ్డి ఎర్రబడటం చూసి ఏం సబ్బు అని అడిగారు. గొప్పగా చెప్పాను, సొంతం అని, మా ఆవిడ వేలు పెట్టి చెప్పిందంటే కంపెనీవాళ్ళ మిషను కూడా అంత కచ్చితంగా చెప్పదని.

ఆవిడ బకెట్టు దగ్గరికి వచ్చి తొంగి చూశారు. తరవాత నెమ్మదిగా అన్నారు.

"వేళ్ళకి జారేది మీ సబ్బు కాదండీ. కాస్టిక్ ఎక్కువైతే చర్మంలో ఉన్న కొవ్వునే సబ్బు చేసేస్తుంది. ఆవిడకి జారుతున్నది ఆవిడ చర్మం."

లోపలికి వెళ్ళి చిన్న కాగితాల పుస్తకం తెచ్చిచ్చారు. సబ్బులో ముంచితే కాగితం ఆకుపచ్చగా ఉండాలట, నీలం తిరిగితే అది చేతులు పెట్టేది కాదట. నా బకెట్టులో ముంచి చూపించారు. ముదురు నీలం. ఇవాళే నాగవేణికి చెప్పమన్నారు.

జూలై 7

నాగవేణికి చెప్పాలి.

జూలై 8

చెప్పలేదు. కాగితం పెట్టి నాలుగుసార్లు కలిపి చూశాను. కాగితం పచ్చబడేదాకా కాస్టిక్ తగ్గిస్తే గోడ మీద పాచి కదలదు. పాచి కదిలేలా వేస్తే కాగితం నీలం. ఆ కాగితానికి చెడ్డ కబురు తప్ప ఇంకేమీ తెలియదు.

గణపతిరావు గారు ఫోన్ చేశారు. మెయిన్ రోడ్డు మీద ఆయన పెళ్ళిళ్ళ మండపం ఉంది కదా, బయటంతా కడగాలట. శ్రావణ మాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు అయిపోవాలట. అది బాగా కుదిరితే చోడవరంలో ఇక నాకు ఎదురు లేదు. ఇది అయ్యాక చెప్తాను. ఎంత, నాలుగు రోజులు.

జూలై 10

నాగవేణికి గ్లౌజులు తెచ్చాను. మంచి పనే చేశాను.

నాగవేణి తొడుక్కుని డ్రమ్ములో చెయ్యి పెట్టి, ఏమీ తెలియడం లేదంది. వేసుకునే చెయ్యనా, తీసెయ్యనా అని నా వంక చూసింది. గ్లౌజుతో ఎలా తెలుస్తుంది అన్నాను. తీసేసింది.

ఆమె అడిగింది. నేను అన్నాను. అంతే జరిగింది.

జూలై 12

మండపం గోడ మీది నలుపు ఇరవై ఏళ్ళది. మామూలు సబ్బుకి వదల్లేదు. కాస్టిక్ రెట్టింపు వేశాను. బిళ్ళలు అడుగున గడ్డ కట్టాయి. కర్రతో తిప్పితే కదలడం లేదు. నాగవేణి మోచేతుల దాకా రెండు చేతులూ పెట్టి గడ్డలు చిదిపింది. వేడెక్కుతోందంది. కాస్టిక్ కరిగేటప్పుడు వేడి వస్తుందిలే, ఇంకొంచెం అన్నాను. అది అబద్ధం కాదు, కరిగేటప్పుడు వేడి వస్తుంది.

ఇంకొంచెం చేసింది. వేళ్ళు రాసి చూసి, బాగా జారుతోందంది.

మండపం పాలలా తెల్లబడింది. గణపతిరావు గారు భుజం తట్టారు. నాగవేణి కొళాయి కింద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. నేను పైపులు చుడుతున్నాను. ఎంతసేపు నిలబడిందో చూడలేదు.

జూలై 13

ఏమీ లేదు. కొంచెం ఎర్రబడింది. కొబ్బరినూనె రాసింది.

జూలై 14

నీళ్ళలో నానితే ఎవరి వేళ్ళైనా అంతే.

జూలై 16

వేళ్ళ కొనలూ అరచేతులూ తెల్లగా, గట్టిగా అయ్యాయి. మోచేతుల దగ్గర బొబ్బలు వచ్చి మండుతున్నాయట, వేళ్ళకి మాత్రం నొప్పి లేదట. నొప్పి లేదంటే మంచిదే కదా అనుకున్నాను. దేవిశ్రీకి జడ వెయ్యబోయి రెండుసార్లు దువ్వెన జారవిడిచింది. పిల్ల తనే జడ వేసుకుని బడికి పోయింది. ఆరేళ్ళ పిల్ల వేసుకున్న జడ ఎలా ఉంటుందో అలాగే ఉంది.

జూలై 19

అనకాపల్లి చర్మం డాక్టరు. చేతులు తిప్పి చూసి, ఎన్ని రోజులైందని అడిగి, ఇన్ని రోజులు ఏం చేస్తున్నారని నన్ను అడిగాడు. సూదితో గుచ్చుతూ తెలుస్తోందా అని ఒక్కో వేలికీ అడిగాడు. నాగవేణి కళ్ళు మూసుకుని ఉంది. మణికట్టు దగ్గర తెలుస్తోందంది. అరచెయ్యి మధ్యలో లేదంది. వేళ్ళకి వచ్చేసరికి గుచ్చాడని కూడా తెలియక, ఎప్పుడు గుచ్చుతారని అడిగింది.

చర్మం మళ్ళీ వస్తుందట. స్పర్శ ఎంత వస్తుందో చెప్పలేనన్నాడు. చవితికి ఎన్ని రోజులుందని బస్సులో అడిగింది. నలభై రోజులన్నాను. వేళ్ళ మీద లెక్కపెట్టబోయి కట్లు చూసి మానేసింది.

జూలై 20

చెప్పలేదు.

జూలై 23

కంపెనీ లిక్విడ్ డబ్బా కొన్నాను.

ఆగస్టు 14

ఒక సంగతి రాయకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

ఈ లిక్విడ్‌ని కాంట్రాక్టరు దగ్గర ఉన్నప్పుడు చిక్కగానే పోసేవాళ్ళం. ఇంకొకడి డబ్బు, ఎవడికి పట్టింది. డబ్బా మీద రాసిన కొలత పన్నెండేళ్ళలో ఒక్కసారి చదవలేదు. పోయిన వారం పని లేక కూర్చుని చదివాను. ఒకటికి ఇరవై పాళ్ళు నీళ్ళు కలపాలి. గోడకి రాసి పది నిమిషాలు వదిలెయ్యాలి, ఆరకముందే కడగాలి. అలాగే చేశాను. నాలుగిళ్ళయ్యాయి, డబ్బాలో ఇంకా సగం పైన ఉంది. గోడకి ఇంత అని చూస్తే నా సొంత సబ్బుకీ దీనికీ తేడా రెండు టీల ఖర్చు.

రెండు టీలు. నేను డబ్బా ధర చూశాను, గోడ ధర చూడలేదు. పది నిమిషాలు ఆగడం నాకు చేతకాలేదు. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఆగస్టు 22

కట్లు విప్పారు. కొత్త చర్మం వచ్చింది, గులాబీ రంగులో, గీతల్లేకుండా. దేవిశ్రీ ముట్టుకుని మెత్తగా ఉందంది. నాగవేణి చక్కెర, ఉప్పు రెండు గిన్నెల్లో పోసుకుని కళ్ళు మూసుకుని ఏది ఏదో చెప్పడానికి రోజంతా ప్రయత్నించింది. నేను చూడనట్టు ఇంట్లోంచి బయటికీ లోపలికీ తిరిగాను.

ఆగస్టు 30

మాడుగుల వెళ్ళాం. నేనూ వెళ్ళాను, ఎందుకో వదల్లేకపోయాను.

చేతులకి ఏదో కాలిందని మాత్రమే అత్తకి తెలుసు. కొత్త చర్మం చూసి, మానిపోయింది కదా అని సంబరపడింది. పాల కుండ ముందు పీట వేసి కూర్చోబెట్టింది. పక్కన అత్త ఆడపడుచు మనవరాలు ప్రవల్లిక గోధుమ పిప్పి పిండుతోంది. నాగవేణి పాలల్లో వేళ్ళు ముంచింది. రాసింది. మళ్ళీ ముంచింది. మూడోసారి ముంచినప్పుడు ఆమె కళ్ళు ఎటో గోడ వైపు ఉన్నాయి. వెతుకుతున్న మనిషి చూపు అది.

దిగాయని చెప్పింది. పొయ్యెక్కించారు. నాలుగు గంటలు తిప్పినా పాకం దగ్గరకి రాలేదు. జీళ్ళలా సాగి, నెయ్యి పక్కకి తేలిపోయింది. అంత సరుకూ పాడైంది. అత్త ఏమీ తిట్టలేదు. నాగవేణి చేతులు రెండూ పట్టి వెలుతురులోకి లాక్కుని చూసింది.

"తెలీనప్పుడు తెలీదని సెప్పాలి గదే అమ్మా," అంది.

"తెలుస్తాదేమో అనుకున్నానత్తా," అంది నాగవేణి.

చెయ్యి పూర్తిగా మంచిదయ్యాక రమ్మంది అత్త. ఆ మాట అంటూనే ప్రవల్లికని పీట దగ్గరికి పిలిచి పాలు చూడటం నేర్పడం మొదలుపెట్టింది. మేం బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు నాగవేణి పొట్లాం అడిగింది, దేవిశ్రీకి హల్వా తీసుకెళ్దామని. పక్క కొట్లో కొన్నాను.

సెప్టెంబర్ 3

నాగవేణి ఇల్లు ఊడవడం లేదు. నేనే ఊడుస్తున్నాను.

సెప్టెంబర్ 9

పొద్దున్న దేవిశ్రీ లేవలేదు. మూలుగుతోంది. నాగవేణి అలవాటుగా నుదుటి మీద అరచెయ్యి వేసింది. అలాగే ఉంచింది. మెడ కింద పెట్టింది. చెయ్యి తిప్పి పెట్టింది. పిల్ల కళ్ళు తెరిచి, "ఎంతుందమ్మా?" అని అడిగింది. ఎప్పుడూ అమ్మ ఠక్కున చెప్పే సమాధానం కోసం చూస్తోంది.

నాగవేణి నా వైపు తిరిగింది.

"తెలీడం లేదు. మీరు సూడండి."

చూశాను. నా చేతికి అన్నీ తెలుస్తాయి. మిషను పట్టేటప్పుడు నేను ఎప్పుడూ గ్లౌజులు వేసుకునే పట్టాను. పిల్ల నుదురు కాలిపోతోంది. ఎంతో చెప్పడం నాకు రాదు, చాలా ఉందని మాత్రం చెప్పాను.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి మందులు వేశాక, మధ్యాహ్నం పిల్ల నిద్రపోతుంటే ఇక ఉండబట్టలేక చెప్పేశాను. షర్మిల గారు అన్నది, కాగితం నీలమైంది, అంతా. ఏడ్చాను కూడా. నాగవేణి గిన్నెలో గుడ్డ తడుపుతోంది. ఆపలేదు. నేను చెప్పడం అయ్యాక ఒక్కటే అడిగింది.

"ఆవిడ మీకు సెప్పింది మండపం పనికి ముందా, తరవాతా?"

ముందే అన్నాను.

ఎన్ని రోజులు ముందని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. గుడ్డ పిండి పిల్ల నుదుటి మీద వేసింది.

సెప్టెంబర్ 10

మాట్లాడలేదు.

సెప్టెంబర్ 12

జ్వరం తగ్గింది. మాట్లాడలేదు.

సెప్టెంబర్ 17

ఇవాళ మాట్లాడింది. దేవిశ్రీకి స్నానానికి నీళ్ళు తోడి, నన్ను పిలిచి, ఎలా ఉన్నాయో చెప్పమంది. చెయ్యి పెట్టి గోరువెచ్చగా ఉన్నాయన్నాను. పిల్ల మీద పోసింది.

నా ఒళ్ళంతా తేలికైంది. పనికి కూడా పోకుండా ఇంట్లోనే ఉండిపోయాను, ఇంకేదైనా అడుగుతుందేమోనని. సాయంత్రం పాలు చల్లారాయా అని అడిగింది. చల్లారాయని చెప్పాను.

సెప్టెంబర్ 21

మా మధ్య మాటలు ఇప్పుడు రెండే. ఆమె వేడిగా ఉందా అంటుంది, నేను ఉందనో లేదనో అంటాను. నేను చెప్పాక ఒకసారి నా మొహంలోకి చూస్తుంది. నిజమే చెప్తున్నానా అని చూస్తోంది. పిల్ల మీద పోసే నీళ్ళ విషయంలో కూడా నన్ను నమ్మవచ్చా అని చూస్తోంది. నమ్మమని ఏ మొహంతో అడగను?

అయినా అడుగుతోంది కదా. అది చాలు నాకు. ఎన్నేళ్ళైనా అలా అడుగుతూ ఉంటే రోజూ చెయ్యి పెట్టి చెప్తాను.

సెప్టెంబర్ 26

ఇవాళ నీళ్ళు తోడిన చప్పుడు వినగానే లేచి స్నానాల గది దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నాగవేణి నన్ను చూసింది. చీర చెంగు పైకి తీసి, వంగి, బకెట్టులో మోచెయ్యి ముంచింది. కాసేపు ఉంచింది. కొంచెం చన్నీళ్ళు కలిపి మళ్ళీ ముంచింది. తరవాత పిల్లను రమ్మని పిలిచింది.

నన్ను అడగలేదు.